శాలువాల సంచితో పాతబస్తీకి

మే నెలలో హైదరాబాదు వెళ్తూ సంచి నిండా శాలువాలు సర్దుకున్నవాణ్ణి మా రైలు మొత్తానికి నేనొక్కణ్ణే అయివుంటాను. ఎదుటి బెర్తు ఆయన సంచిలోకి తొంగిచూసి, కాశ్మీరు దాకానా అని అడిగాడు. కాదండీ, లాల్‌దర్వాజా దాకానే అన్నాను. ఆయన తర్వాత నాతో పెద్దగా మాట్లాడలేదు.

ఆ శాలువాల సంగతి చెప్పాలి. నేను రాజమండ్రిలో నీటిపారుదల శాఖలో పటాలు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత చాలా ఏళ్లు పెన్షనర్ల సంఘానికి కార్యదర్శిని. మా సభలకు ముఖ్య అతిథి రానప్పుడల్లా, కొన్న శాలువా వృథా పోకూడదని కార్యదర్శికే కప్పేవారు. మా ముఖ్య అతిథులు తరచుగా రారు. ఆ విధంగా బీరువాలో ఒక అర నిండిపోయింది. పట్టుచీరలకు చోటు లేదని మా ఆవిడ ఏటా ఉగాదికి నోటీసు ఇస్తూనే ఉంది.

కిందటి వేసవిలో మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మిట్టమధ్యాహ్నం లైన్‌మన్ ఒకాయన ఎండకు కాలిపోతున్న స్తంభం ఎక్కి బాగుచేశాడు. ఫాను తిరగగానే నేను మజ్జిగ గ్లాసుతో బయటికి వెళ్లాను. అప్పటికే ఆయన బండెక్కి పక్కవీధికి వెళ్లిపోయాడు. గ్లాసు నేనే తాగేశాను గాని, చెప్పాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది. ఈసారి చెల్లెలింటికి వెళ్లినప్పుడు పాతబస్తీలో ఎండలో పనిచేసేవాళ్లు నలుగురైదుగురిని చూసి, మర్యాదగా శాలువా కప్పి, ఆ మాట చెప్పి రావాలని నిర్ణయించుకున్నాను. మనిషిని గౌరవించడానికి మా వైపు అంతకన్నా వేరే పద్ధతి ఎవరికీ తెలియదు.

లాల్‌దర్వాజా: రంజన్ నీళ్లు

మా చెల్లెలు సుభద్ర పెళ్లయిన నాటినుంచి లాల్‌దర్వాజాలోనే ఉంటోంది. సందులో రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి ఎవరో ఒకరి వరండాలోకి ఎక్కాలి. గుమ్మం పక్కన ఇసుకలో కుదురుగా పెద్ద మట్టికుండ, దాని మీద మూత, గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు. దాన్ని ఇక్కడ రంజన్ అంటారు. మా ఊళ్లో చలివేంద్రం అంటే తాటాకు పందిరి, ప్రారంభోత్సవం, రిబ్బను, మర్నాడు పేపర్లో ఫొటో ఉండాలి. ఇక్కడ అవేమీ లేవు. పొద్దున్నే కుండ కడిగి నింపుతారు. కొరియరు వాళ్లు, చెత్తబండి వాళ్లు వచ్చి తాగి వెళ్తారు. ఎవరూ ఎవరికీ చెప్పరు.

మధ్యాహ్నం భోజనంలో పచ్చిపులుసు పెట్టింది. చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పొయ్యి ఎక్కించని చారు. ఈ ఎండలకు పొయ్యి దగ్గర నిలబడలేని ఆడవాళ్లు ఎవరో కనిపెట్టి ఉంటారు. గోదావరి జిల్లావాణ్ణి అయినా ఒప్పుకుంటున్నాను, రెండోసారి అడిగి పోయించుకున్నాను.

సంచి విప్పి చూపించాను. సుభద్ర ఒక శాలువా తీసి బరువు చూసింది.

"అన్నయ్యా, ఇది కప్పితే మనిషి ఉంటాడా పోతాడా?"

సన్మానం రెండు నిమిషాల పనేనని, తర్వాత మడతపెట్టుకుంటారని చెప్పాను. ఆమె నవ్వుతూ లోపలికి వెళ్లి నా గదిలో రెండో ఫాను కూడా వేసి వచ్చింది. నాకు ఎండ దెబ్బ అప్పటికే తగిలిందని అనుకున్నట్టుంది.

శాలిబండ: సబ్బుబిళ్ల

సాయంత్రం చల్లబడ్డాక నడుద్దామని బయలుదేరాను. ఇక్కడ సాయంత్రం అంటే ఎండ పోతుంది, వేడి పోదు. గోడలు పొద్దంతా దాచుకున్నది అప్పుడు తిరిగి ఇస్తాయి. శాలిబండ ఎత్తులో ఒక షర్బత్ దుకాణం కనిపించింది. గులాబీరంగు షర్బత్, సబ్జా గింజలు, పైన చెక్కిన మంచుపొడి, గ్లాసు ముప్ఫై రూపాయలు. యజమాని జహంగీర్ సేఠ్ భారీ మనిషి, గల్లాపెట్టె దగ్గర విసనకర్రతో కూర్చున్నాడు.

నేను తాగుతుండగా మూడు చక్రాల తొక్కుడుబండి ఒకటి ఎత్తు ఎక్కి వచ్చి ఆగింది. తొక్కేది అరవై దాటిన సన్నటి మనిషి, మెడలో తడిగుడ్డ. బండి మీద గోనెసంచుల్లో చుట్టిన మంచుగడ్డ. దాన్ని ఇక్కడ సిల్లి అంటారు. ఆయన సంచులు విప్పాడు. సేఠ్ దిగి వచ్చి మంచుగడ్డ మీద జానతో కొలిచాడు. మూలలన్నీ కరిగి గుండ్రంగా అయిపోయి ఉన్నాయి.

"యూసుఫ్ భాయ్, సిల్లి తెమ్మంటే సబ్బుబిళ్ల తెచ్చినవేంది?"

"ఎండకు చెప్పు సేఠ్. నాకు చెప్తే నేనేం జేస్త?"

"నీతోని లొల్లి లేదు నాకు. బరఫ్‌తోనే లొల్లి. జుమ్మా నాడు మస్తు గిరాకి ఉంటది. ఆ నాడు గూడ గిట్లనే తెస్తే ఆటోవానికి చెప్పుకుంట. ఫికర్ జెయ్యకు, ముందుగాల్నే చెప్తున్న."

యూసుఫ్ భాయ్ మంచుగడ్డను ఇనుప కొక్కేలతో పట్టి లోపలికి మోసి, ఖాళీ గోనెసంచులు పిండి బండి మీద ఆరేశాడు. ఆయన వెళ్లాక సేఠే నాకు చెప్పాడు. బహదూర్‌పురా ఐసు కార్ఖానా నుంచి ఇంతదూరం తొక్కుకుంటూ వచ్చేవాళ్లలో మిగిలింది ఈయన ఒక్కడేనట. తక్కిన దుకాణాలన్నీ మూతవేసిన ఆటోలకు మారిపోయాయి. ఈ దుకాణం కూడా పోతే బండి ఇంట్లో పెట్టుకోవాల్సిందే. సేఠ్ మొహంలోనూ సంతోషమేమీ లేదు. వాళ్ల నాన్న కాలం నుంచీ యూసుఫ్ ఇంటి బరఫేనట.

శాలువా కప్పవలసిన మనిషి ఆయనేనని అక్కడికక్కడే తీర్మానించాను. పరుగున వెళ్లి సందు మలుపులో పట్టుకున్నాను. ఎన్నాళ్లుగా ఈ పని చేస్తున్నారని అడిగాను.

"పరసోం మా అబ్బా గుజర్ గయే, సాబ్. అప్పటిసంది బండి నాదే."

నాకు వచ్చిన హిందీలో పరసోం అంటే మొన్న. తండ్రి పోయి రెండే రోజులు, ఈయన ఎండలో బండి తొక్కుతున్నాడు.  కళ్లజోడు తీసి, ఆయన రెండు చేతులూ పట్టుకుని, ధైర్యంగా ఉండమని, కాలమే మరపిస్తుందని చెప్పాను. ఆయన కాసేపు నన్ను చూసి, ఆ తర్వాత నన్నే ఓదార్చడం మొదలుపెట్టాడు. మంచినీళ్లు తాగుతారా అని అడిగాడు.

ఇంటికొచ్చి చెబితే సుభద్ర వంటింట్లో కూర్చుండిపోయి నవ్వింది. ఈ ఊళ్లో పరసోం అంటే మొన్న కావచ్చు, పోయిన రంజాన్ కావచ్చు, నిజాం కాలం కూడా కావచ్చునట. గడిచిపోయిన ఏ రోజైనా పరసోమే. డెబ్బై దాటినా ఒక్కరోజు తప్పకుండా డైరీ రాసే నాకు అలాంటి భాషలో ఎలా బతుకుతారో అర్థం కాలేదు.

ఛత్రినాక: కొత్తగుడ్డ

మర్నాడు పొద్దున్నే ఛత్రినాక బజారుకు వెళ్లాను. మొదటి సన్మానం ముంజల ఎల్లమ్మకు. తలకు కొంగు తప్ప మరే నీడా లేకుండా కూర్చుని కత్తితో తాటికాయలు కొడుతోంది. డజను నూట ఇరవై చెప్పింది. మా గోదావరి వైపు ధర చెప్పి బేరమాడబోయాను. అయితే గోదావరికే పోయి తినమంది. మాట బాగుంది కాబట్టి అడిగినంతా ఇచ్చేశాను.

తర్వాత లేచి నిలబడి, మీవంటివారి శ్రమ వల్లే అని మొదలుపెట్టి, మెరూన్ రంగు శాలువా తీసి భుజాల మీద కప్పాను. ఆవిడ కత్తి కిందపెట్టింది.

"గిదేంది బాపు, నా మీద గుడ్డ కప్పుతున్నవ్? నేనింక సావలే."

వాళ్ల ఊళ్లో మనిషి పోయాకే కొత్తగుడ్డ కప్పుతారట. పక్కన మామిడికాయలు అమ్మే ఆవిడ, ఎల్లమ్మకు ఇప్పుడే పటం కట్టిద్దామా అని అడిగింది. నాకు చెమటలు పట్టాయి. ఇది చావు కాదమ్మా, గౌరవమని, ఎండలో కూర్చుని ఊరందరికీ చల్లటివి పెడుతున్నందుకని చెప్పాను.

"ఎండల కూసున్నందుకా? గట్లయితే మా ఊరంతటికి కప్పాలె, బాపు. నీ సంచి సాలదు."

అయినా ఆ మాట ఆవిడకు నచ్చింది. కాసేపు ఆలోచించి, శాలువాను మెలితిప్పి గుండ్రంగా చుట్టి తలమీద పెట్టుకుంది. దాని మీద గంప ఎత్తుకుని మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మెత్తగుందని, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు నెత్తి నొప్పి పెట్టదని అంది. నా సంచిలో రెండు ముంజలు ఎక్కువ వేసింది. సన్మానానికి తిరుగు సన్మానం.

రెండోది కూడలిలో ట్రాఫిక్ చూసే హోంగార్డుకు. యూనిఫాం మీద కప్పకూడదని ఆయన మర్యాదగా చెప్పాడు. ఇస్తే మాత్రం తీసుకుంటానంటూ, ఎండలో కాలిపోతున్న తన మోటారుసైకిల్ సీటు మీద నాలుగు మడతలుగా పరిచాడు. పొద్దున్నుంచి అట్లపెనం మీద కూర్చున్నట్టుందట.

శాలువాను శాలువాగా వాడినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు. మధ్యాహ్నం ఇరానీ హోటల్లో కూర్చుని ఈ విషయం ఆలోచించాను. నలభై దాటిన ఎండలో అందరూ పొగలు కక్కే చాయ్ తాగుతున్నారు. చల్లటిదేమీ లేదా అని అడిగితే, ఈ ఎండలో చల్లటిది తాగితే జబ్బు చేస్తుందని సర్వర్ మందలించి చాయే తెచ్చాడు. తాగాను. చెమట పట్టింది, గాలి తగిలింది, నిజంగానే హాయిగా ఉంది.

బహదూర్‌పురా: పెళ్లికూతురు

శుక్రవారం. జుమ్మా, అంటే సేఠ్ పెట్టిన గడువు. పదకొండు దాటాక ఆటోలో బహదూర్‌పురా ఐసు కార్ఖానా చేరాను. గేటు ముందు యూసుఫ్ భాయ్ బండి మీదికి హమాలీలు మంచుగడ్డ ఎక్కిస్తున్నారు. మూలలు నాలుగూ పలకలు దేరి, గాజులా ఉంది. ఆయన గోనెసంచులు కప్పుతున్నాడు. అవి అక్కడక్కడ చిరిగి మంచు బయటికి కనిపిస్తోంది.

నన్ను గుర్తుపట్టి, మనసు కుదుటపడిందా సాబ్ అని అడిగాడు. కుదుటపడిందన్నాను. ఆలస్యం చేయకుండా ఆకుపచ్చ మీద జరీ ఉన్న శాలువా తీశాను. మా సంఘం రజతోత్సవానికి కప్పినది, సంచిలో అన్నిటికన్నా మందమైనది. రాజమండ్రిలో ఆగిపోయిన మాట ఇక్కడ పూర్తిగా చెప్పాను. "మీరు ఎండలో ఉంటేనే మేం చల్లగా ఉంటున్నాం. అది చెప్పడానికే వచ్చాను." చెప్పి కప్పాను.

"నక్కో సాబ్," అన్నాడాయన. వద్దు అని. కాని నా చేతులు తోసెయ్యలేదు. కళ్లు కిందికి వాల్చి నిలబడ్డాడు. అంతా ఒక్క క్షణం బాగా జరిగింది. అప్పుడు హమాలీ ఒకతను అందుకున్నాడు.

"యూసుఫ్ భాయ్ దుల్హా అయ్యిండు. మరి దుల్హన్ ఏది?"

"బండి మీద కూసున్నది కదా," అన్నాడు రెండోవాడు. "తెల్లగ, సల్లగ."

"పెండ్లికొడుకు ఉడికిపోతుండు. దుల్హన్‌కు కప్పు భాయ్, సిగ్గువడుతున్నది."

యూసుఫ్ భాయ్‌కూ నవ్వొచ్చింది. శాలువా కప్పుకుని తొక్కలేడు, నా ముందు తీసి పక్కన పడేయలేడు. దారి దొరికినట్టు దాన్ని తీసి మంచుగడ్డ మీద, గోనెసంచుల పైన కప్పాడు. పెళ్లికూతురికి ఒక్కటి ఏం సరిపోతుందని హమాలీలు నా సంచి అందుకున్నారు. మిగిలినవన్నీ తీసి ఒకదాని మీద ఒకటి చుట్టారు. పసుపు, నీలం, ఊదా. ఆఖరిది కొంగులా ముడివేశారు.

 శాలువా చలికి కప్పుకునేది. వెచ్చదనం కోసం నేసినది. ఇన్ని వెచ్చటివి కలిపి ఆ మంచు మీద కప్పితే శాలిబండ చేరేసరికి నీళ్లే మిగులుతాయి. అదీ ఈ రోజున. నేను తీసేయమన్నాను. హమాలీలు, దుల్హన్ ముసుగు దారిలో తీయకూడదన్నారు. యూసుఫ్ భాయ్ అప్పటికే పెడలు మీద కాలు వేశాడు. "అల్లా మాలిక్ సాబ్. టైం లేదు."

దారిలో: చాదర్

ఆటో ఎక్కి బండి వెనకే పొమ్మన్నాను. డ్రైవర్ నన్ను అద్దంలో చూశాడు.

"బరఫ్ ఎన్కాల పోవుడేంది సాబ్? బరఫ్ ఏమన్న పారిపోతదా?"

అదే నా భయమని చెప్పాను. మెల్లగా నడిపితే ఇంజన్ వేడెక్కుతుందని యాభై ఎక్కువ అడిగాడు. మా ఊళ్లో తొందరగా పోవడానికి ఎక్కువ తీసుకుంటారు. బేరమాడలేదు. నా కళ్లు బండి కింద రోడ్డు మీదే ఉన్నాయి. చుక్కలు పడుతున్నాయా, ధార కడుతోందా అని. మొన్న కారడం చూడలేదు గనుక ఎంత కారితే ఎక్కువో తెలియదు. ప్రతి చుక్కా నాదే అనిపించింది.

దూద్‌బౌలి దాటాక బండ్లు ఇరుక్కుపోయాయి. శుక్రవారం నమాజుకు వెళ్లేవాళ్లు, పళ్లబండ్లు, హారన్లు. యూసుఫ్ భాయ్ దిగి బండి తోస్తున్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఇక అయిపోయిందనుకున్నాను.

అప్పుడు ముందున్న పెద్దాయన ఒకరు వెనక్కి తిరిగి చూశారు. అడుగున వేలాడుతున్న ఆకుపచ్చ గుడ్డ, జరీ అంచు, పైన రంగురంగుల ముసుగు. చప్పున పక్కకు జరిగి, జరగండి, దర్గాకు చాదర్ పోతోంది అని ముందువాళ్లకు చెప్పారు. దర్గాలో సమాధి మీద కప్పే గుడ్డ అని ఆయన అనుకున్నారు. ఆ మాట ముందుకు పాకింది. పళ్లబండి వెనక్కి పోయింది. స్కూటర్లు పక్కకు ఒరిగాయి. ఒకాయన టోపీ సర్దుకున్నాడు.

"చాదర్ కాదు భాయ్, బరఫ్! బరఫ్ ఉన్నది," అని యూసుఫ్ భాయ్ అరుస్తూనే ఉన్నాడు. అబద్ధపు దారి ఆయనకు వద్దు. కొందరు విని నవ్వారు. విన్నవాళ్లు కూడా దారి ఇచ్చారు. ఒకసారి జరిగిన మనిషి మళ్లీ అడ్డం రావడం బాగుండదు కదా. పెద్దాయన మాత్రం బండి పక్కన నడుస్తూ, జుమ్మా రోజున చల్లటి నీళ్లకు పోయే బరఫ్ ఏమన్నా తక్కువదా, నడువు అన్నారు. ఆ వెనకే మా ఆటో కూడా దర్జాగా వెళ్లింది.

మళ్లీ శాలిబండ

దుకాణం ముందు అప్పటికే జనం. సేఠ్ విసనకర్ర పక్కనపెట్టి దిగి వచ్చాడు. బండిని చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"గిదేంది యూసుఫ్ భాయ్, సిల్లి తెచ్చినవా, దుల్హన్‌ను తెచ్చినవా?"

యూసుఫ్ భాయ్‌కు ఊపిరి అందడం లేదు. ఒక్కో శాలువా విప్పుతుంటే నేను ఆటోలోంచి దిగకుండా కూర్చున్నాను. ఊదా, నీలం, పసుపు. పైవి దాదాపు పొడిగా ఉన్నాయి. ఆకుపచ్చది తడిసింది. గోనెసంచులు తీశాడు.

మూలలు మూలల్లాగే ఉన్నాయి.

సేఠ్ జాన పెట్టి కొలిచాడు. రెండోసారి కూడా కొలిచాడు. తర్వాత పనివాళ్లను పిలవకుండా తానే ఒక కొక్కెం అందుకుని, రెండోవైపు యూసుఫ్ భాయ్ పట్టగా, లోపలికి మోశాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ అన్న మాట ఇంతే: "రేపటిసంది గీ బట్టల్లనే తే. ఆటోవానికి వద్దని నేను చెప్పుకుంట."

యూసుఫ్ భాయ్ దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరికీ షర్బత్ వచ్చింది. ఆయన తడి శాలువా పిండుతూ, బాగా బరువుంది సాబ్, మంచిది అన్నాడు.

ఉన్ని వేడిని ఇవ్వదని, లోపల ఏది ఉంటే దాన్ని కాపాడుతుందని ఆ రాత్రి మంచం మీద పడుకున్నాక తట్టింది. వేసవిలో మా అమ్మ చల్లటి పెరుగు కుండ వేడెక్కకుండా పాత కంబళి చుట్టేది. చిన్నప్పుడు ఏటా చూసిన సంగతి, మంచుగడ్డ దగ్గర ఒక్కసారి కూడా గుర్తురాలేదు. సుభద్రకు చెబితే, నీకు కప్పిన శాలువాలకు ఇన్నాళ్లకు తగిన మనిషి దొరికాడు, ఆ మనిషి మంచుగడ్డ అయినా సరే అంది.

తిరుగు ప్రయాణం

ఆదివారం మధ్యాహ్నం ఖాళీ సంచిలో ఆవకాయ జాడీ పెట్టుకుని స్టేషనుకు బయలుదేరాను. శాలిబండ దగ్గర ఆటో ఆపించాను. యూసుఫ్ భాయ్ బండి దుకాణం ముందే ఉంది. మంచుగడ్డ ఆకుపచ్చ జరీ శాలువాలో, మా సంఘం వేదిక మీద ఎప్పుడూ రాని ముఖ్య అతిథిలా, నిండుగా కూర్చుని ఉంది. షర్బత్ తాగుతున్న ఎవరో ఆ గుడ్డలేమిటని అడుగుతున్నారు. యూసుఫ్ భాయ్ నన్ను చూపించాడు.

"పరసోం గీ సాబే కప్పిండు."

నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. శుక్రవారం, శనివారం, ఆదివారం. నా హిందీ ప్రకారం కూడా సరిగ్గా పరసోమే. ఆ ఊళ్లో ఆ మాట ఇద్దరి లెక్కకూ సరిపోయిన రోజు అదొక్కటేనేమో. నా డైరీలో తారీఖు ఉంది. అది ఏటేటా పాతబడిపోతుంది. వచ్చే వేసవికి వెళ్లి అడిగినా, ఆపై వేసవికి అడిగినా, యూసుఫ్ భాయ్ మాత్రం నేను మొన్ననే వచ్చి వెళ్లినట్టు చెబుతాడు.